అప్పన్న వైపు పాతిన రేకులు

క్లాంగ్ దగ్గరి రబ్బరు తోట,
ఆరో నంబరు లైను.
1931 నవంబరు 22, ఆదివారం.

నరసమ్మా, మడి మనకే నిలిచింది, మీరు ఓడ ఎక్కనక్కర్లేదు!

ఇంకోసారి రాస్తాను, కళ్ళు తుడుచుకుని చదువు. మడి మనకే నిలిచింది. మొన్న శుక్రవారం పొద్దున్న దొర తనిఖీకి వచ్చాడు. నా కూతురినీ అల్లుడినీ పిల్లల్నీ తెచ్చి నా గదిలో పెట్టుకోవచ్చని చెప్పి వెళ్ళాడు. ఆఫీసు కిరాణి ఆ మాట పుస్తకంలో ఎక్కిస్తుంటే నేను వాడి వెనకే నిలబడి చూశాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు గాని మీ నలుగురికీ నాలుగు గీతలు గీశాడు, అవి మాత్రం లెక్కపెట్టుకున్నాను. అరవై దాటిన ముసలాడిని, మా కూలీల గదుల లైను ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తాను. కుక్కలు కూడా వెంటపడ్డాయి. పడితే పడనీ అనుకున్నాను.

చూశావా, దీవెనలు రాయకుండానే మొదలుపెట్టేశాను. మళ్ళీ పద్ధతిగా రాస్తాను. చిరంజీవి సౌభాగ్యవతి మా తల్లి నరసమ్మకు, అల్లుడు తాతబాబుకు, నా బంగారు మనవరాళ్ళిద్దరికీ అయ్య కూర్మయ్య నోరారా దీవించి రాసేదేమంటే, ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మిగతా అంతా క్షేమం. సుంగై పెటానిలో మీరు క్షేమమా అని అడగను. తోట మూసేస్తున్నారని, బియ్యం సగానికి కోశారని తెలిశాక ఇంకా క్షేమమా అని అడిగితే నాకే సిగ్గు.

ఇక్కడ నుంచి రెండు మాటలు నీ మొగుడికి. దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించు, లేచిపోతే చొక్కా పట్టుకో.

అయ్యా తాతబాబూ, నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. "మీకెందుకు మావా బాద, నలుగురితో పాటే మేవూ ఓడెక్కీసి ఎల్లిపోతాం" అని రాశావు. ఎక్కడికయ్యా వెళ్ళిపోతావు? నువ్వు పుట్టింది ఈ దేశంలో, నీ పెళ్ళాం పుట్టింది ఈ దేశంలో. విశాఖపట్నంలో దిగి ఎవరి తలుపు కొడతావు? నా అన్నదమ్ముల ఇల్లు ఏ వీధిలో ఉందో నాకే గుర్తులేదు. వాళ్ళు బతికి ఉన్నారో లేదో తెలియదు. నన్ను ఒక్క మాట అడగకుండా, పని పోయినవాళ్ళని ఓడలో విశాఖపట్నం పంపే ఆ పట్టీలో పేర్లు ఎలా రాయించావు? ఆ ఉత్తరం చదివిన రోజు నువ్వు ఎదురుగా ఉంటే నా చేతిలో పారకి పని చెప్పేవాణ్ణి. ఇప్పుడు సంతోషంలో ఉన్నాను కాబట్టి వదిలేస్తున్నాను. పూర్తిగా వదలలేదు. వచ్చాక మిగతాది తిడతాను. ఈ ఉత్తరం అందగానే వెళ్ళి ఆ పట్టీలోంచి మీ పేర్లు కొట్టించు.

నరసమ్మా, ఈ మడి కోసం నేను పడ్డ పాట్లు నీకు ఇదివరకు సగమే రాశాను. మిగతా సగం ఇప్పుడు రాస్తాను. రాయకపోతే నా కడుపులో ఉడుకు దిగదు.

ఆగస్టులో దొర లైను వెనక ఖాళీ నేలని నాలుగు ముక్కలు చేసి నలుగురికి ఇచ్చాడు. పని తగ్గింది, బియ్యం తగ్గింది, కూరలు మీరే పండించుకోండి అన్నాడు. మడి బాగా నడిపినవాడు బయట పని పోయిన తనవాళ్ళని తెచ్చుకుని గదిలో పెట్టుకోవచ్చు, తోట బియ్యం మాత్రం అడక్కూడదు. ఆ మాట వినగానే నాకు నువ్వే కళ్ళముందు నిలబడ్డావు. కానీ దానికి ఒక షరతు ఉంది. మడుల కింద గట్టు, గట్టు అవతల కొత్తగా నాటిన రబ్బరు మొక్కలు. లాలాంగ్ గడ్డి వేరు ఒక్కటి గట్టు దాటినా ఆ మొక్కలు ఎదగవు. అందుకని మూడు నెలల తర్వాత తనిఖీ ఉంటుంది, ఎవరి వేరు నుంచి లాలాంగ్ మొలక కనబడితే వాళ్ళ మడి అక్కడికక్కడే తీసుకుంటాం అని దొర చెప్పాడు. కూలీల పని చూసే కంగాణీ వీరాస్వామి ఆ మాట మాకు మూడు భాషల్లో చెప్పాడు, మూడింటిలోనూ ఒకేలా పళ్ళికిలించి.

నీకు లాలాంగ్ సంగతి చెప్పాలా? పైన కోస్తే కింద నవ్వుకుంటుంది. తెల్లటి వేరు, గణుపుకి ఒక కన్ను, కొసన సూదిలాంటి మొన. వేలెడు ముక్క నేలలో మిగిలిపోతే అది మళ్ళీ గడ్డి దుబ్బు. మూడు వారాలు నేల తవ్వాను. తవ్విన మట్టిని చేత్తో నలిపి నలిపి వేర్లు ఏరాను. రేకు మీద ఎండబెట్టి కాల్చాను. ఆ తర్వాతే ఎనిమిది సాళ్ళు తీసి బెండ, వంగ, గోంగూర, చిలగడదుంప వేశాను. గట్టు వైపు ఆనపపాదు పెట్టాను. పదిహేను రోజులకి మొలకలు వచ్చాయి. వంకాయ మొక్కల మధ్య, పచ్చగా, కత్తుల్లా, లాలాంగ్!

తవ్వాను. మళ్ళీ వచ్చాయి. తవ్వాను. ఒకరోజు చిలగడదుంప ఒకటి ఊరిందేమోనని పైకి తీసి చూస్తే ఆ పాపిష్టి వేరు దుంపలో ఇటునుంచి దూరి అటునుంచి బయటికి వచ్చి ఉంది. నా మనవరాలి నోటికి పోవలసిన దుంప! మెడలో సూది గుచ్చినట్టయింది నాకు. ఆ దుంపని నేలకేసి కొట్టి కాలితో తొక్కాను. తర్వాత సగం పనికొచ్చేదే కదా అని బాధపడ్డాను, అది వేరే సంగతి.

ఇక నా కోపం అంతా అప్పన్న మీదికి తిరిగింది.

అప్పన్న మావ నీకు తెలుసు. నీ చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పేవాడు. వాడూ నేనూ ఒకే ఓడలో వచ్చినవాళ్ళం. ఇరవై ఏడేళ్ళుగా బావా అంటే బావా అనుకున్నాం. మా ఇద్దరి మడులూ పక్కపక్కనే. నాకు వచ్చిన ముక్క నీటి కాలవ వైపుది, వాడికి వచ్చింది రాతి నేల. నా ముక్క తనకియ్యమని వాడు వీరాస్వామిని అడిగాడని నాకు తెలిసింది. అంతే, నా బుర్రలో లెక్క కుదిరిపోయింది. వాడికి నా మడి కావాలి. అందుకే నేను రబ్బరు చెట్లకి పాలు గీయడానికి వెళ్ళిన పూట వాడు వచ్చి నా నేలలో వేరు ముక్కలు పాతిపోతున్నాడు. వాడికి వేరే దారి ఏముంది? అలా అనుకున్నాను. అనుకున్నకొద్దీ అదే నిజమని తోచింది.

చీనా కొట్టు వెనక పారేసిన కిరసనాయిలు డబ్బాలు పద్దెనిమిది పోగుచేశాను. ఒక్కొక్కటీ కోసి, సుత్తితో చదును చేసి, రేకు మీద రేకు ఎక్కేలా అప్పన్న మడికీ నా మడికీ మధ్య మోకాలిలోతు కందకం తీసి పాతాను. రెండు చేతులూ కోసుకుపోయాయి. వాడు వాడి మడిలో నిలబడి బీడీ కాల్చుకుంటూ చూశాడు. "బావా, కోట కడతన్నావా? తలుపెక్కడ పెడతావు, నాను సుట్టపుసూపుకి రావద్దేటి?" అని అడిగాడు. నేను ఇంకో రేకు కందకంలో దించి సుత్తితో కొట్టాను.

రేకులు పాతిన పదో రోజు మళ్ళీ మొలకలు వచ్చాయి. ఈసారి ఏడు. ఇంక ఆగలేకపోయాను. కుళాయి దగ్గర లైనులో ఆడవాళ్ళంతా నీళ్ళు పడుతుంటే, అందరూ వినేలా, "ఏరా అప్పన్నా, నీ కడుపుమంట సల్లారనేదా? నా మడిలో లాలాంగ్ ఏర్లు పాతి నువ్వేటి మూటగట్టుకుంతావురా?" అని కేకేశాను. వాడు చేతిలో బకెట్టు కింద పెట్టి, తాపీగా, "నా మడిలో ఏర్లు పీకడానికే నాకు పొద్దు సాలట్లేదు బావా. మల్లా నీ మడిలో నాటడానికి తీరికెక్కడిది? కూలిస్తావేటి?" అన్నాడు. ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు తెలియలేదు. ఈరోజుతో బావా గీవా ఏటీ లేదు, నన్ను ఆ పిలుపు పిలిస్తే నాలిక కోస్తాను అన్నాను. "పిలవనులే. మరేటని పిలవాల, దొరా అనాలేటి?" అని వాడు బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే వెళ్ళేటప్పుడు వాడి మొహంలో నవ్వు లేదు. అప్పుడు నేను అది చూడదలచుకోలేదు.

తర్వాత నెల రోజులు మాటల్లేవు. మన లైనులో మాటల్లేనివాళ్ళ పద్ధతి నీకు తెలుసు కదా. ఎదురుగా ఉన్న మనిషితో అనాల్సింది చేతిలో ఉన్న చెంబుతోనో పక్కనున్న బండతోనో అంటారు. తనిఖీకి పన్నెండు రోజులుందనగా నేను స్నానాల బండ దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అప్పన్న పార భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. నావైపు చూడకుండా ఆ పారతో, "ఒలే పారా, ఇనుకో. కొందరు ముసిలోళ్ళు నా ఏపు రేకులు పాతీసి, ఇంటేపు తలుపు తెరిసి ఒగ్గేసినారు. దొంగ ఇంట్లోనే కూకున్నాడు, స్నానాల బండ పక్కన. సూడమను" అన్నాడు. నేను నా చెంబుతో, "ఒలే చెంబా, పనీపాటా నేనోల్ల మాటలు నువ్వినకే" అన్నాను. వాడు పార ఎత్తి చూపించాడు. ఏం చూపించాడనుకున్నావు? మీ అమ్మ పెట్టిన దర్భ దుబ్బు.

నాకు తల తిరిగిపోయింది కోపంతో. చెంబూ లేదు, పారా లేదు, సూటిగానే తిట్టాను. అది లాలాంగా? అది దర్భ! దేవుడమ్మ చేత్తో పెట్టిన దర్భ! వాడు కూడా సూటిగానే, "ఊర్లో దర్బే బావా. ఈ నేల మీద దాన్నే లాలాంగంతారు. దొర కంటికి దర్బ కనపడదు, లాలాంగే కనపడతాది. నీకూ తెల్సు. తెల్సీ నీల్లు పోస్తన్నావు" అన్నాడు. బండకి ఆనించిన నా పార ఎత్తాను నరసమ్మా. నిజంగా ఎత్తాను. వాడు వెనక్కి తగ్గకుండా అక్కడే నిలబడ్డాడు. పక్క గదిలోంచి ఎవరో వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

నీకు గుర్తుందా, రెండేళ్ళ కింద మే నెలలో మధ్యాహ్నం పూట పట్టిన గ్రహణం? మీ సుంగై పెటానిలో దాదాపు చీకటి పడిపోయిందని, కోళ్ళు గూట్లోకి వెళ్ళిపోయాయని నువ్వు రాశావు. ఇక్కడ కూడా ఎండ బూడిద రంగు అయిపోయింది. దానికి వారం ముందే మీ అమ్మ, గ్రహణం పూట ఊరగాయ జాడీ మీద వెయ్యడానికి దర్భ లేకపోతే ఎలా, తాగే నీళ్ళ మీద వెయ్యకపోతే ఎలా అని నా ప్రాణం తీసింది. కాలవ గట్టు మీద ఎక్కడో దొరికిందని ఒక దుబ్బు తెచ్చి, డబ్బాలో మట్టి పోసి, స్నానాల బండ పక్కన సగం నేలలోకి దించి పెట్టింది. ఆరోజు లైనులో ప్రతి ఇంటి నుంచి వచ్చి దేవుడమ్మత్తా రెండు పోచలియ్యి, దేవుడమ్మక్కా నాలుగు పోచలియ్యి అని అడిగి పట్టుకెళ్ళారు. పెళ్ళిలో పసుపు పంచినట్టు పంచింది. మరుసటి ఏడు జ్వరంలో తను పోయినప్పుడు పదో రోజున నా వేలికి చుట్టుకున్నది ఆ పోచే. అప్పట్నుంచి రోజూ నా స్నానం నీళ్ళు ఆ దుబ్బుకే. నేను లాలాంగ్‌ని పొద్దున్న తవ్వి కాల్చేవాణ్ణి, సాయంత్రం దర్భకి నీళ్ళు పోసేవాణ్ణి. రెండూ ఒకటేనని నాకు ఎప్పుడూ తోచలేదు. కాదు, అబద్ధం. అప్పన్న అన్నది నిజం. ఎక్కడో తెలుసు. తెలిసింది బయటికి రానివ్వలేదు.

వాడి మాట అబద్ధమని నిరూపించాలని పోయిన ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. వంగ మొక్కల మధ్య కొత్తగా వచ్చిన మొలక ఒకటి ఎంచుకుని, దాని కింద వేరు తెగకుండా వేళ్ళతో మట్టి తీసుకుంటూ వెళ్ళాను. అది అప్పన్న రేకుల వైపు తిరుగుతుందని కాచుకుని ఉన్నాను. తిరగలేదు. గోంగూర సాళ్ళ కిందనుంచి, నడిచే బాట కిందనుంచి, నా వెనక గుమ్మం పక్కనుంచి, కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ తిన్నగా వెళ్ళింది. మధ్యాహ్నానికి నా చెయ్యి స్నానాల బండకి తగిలింది. డబ్బా అడుగు తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది. మీ అమ్మ దర్భ వేర్లు దారాల గుత్తిలాగా బయటికి వచ్చి మూడు వైపులా పరుచుకుని ఉన్నాయి.

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. ఆ బురదలో కూర్చుని మీ అమ్మని తిట్టాను. ఈ దేశం గడ్డి ఏదో, మన దేశం గడ్డి ఏదో చూసుకోనక్కర్లేదా అన్నాను. నీ కూతురు పిల్లలతో ఓడెక్కుతుంటే నీ దర్భ వచ్చి ఆపుతుందా అన్నాను. పోయినదాన్ని అలా తిట్టకూడదు. తిట్టాను. తర్వాత లేచి తవ్వాను. ఆ ఆదివారం సాయంత్రం దాకా, సోమవారం పని నుంచి వచ్చాక, మంగళవారం, బుధవారం. బండ కూడా లేపేశాను. గోంగూర సగం పోయింది. రాలిన ఒక్కో ముక్కా ఏరి, రేకు మీద ఎండబెట్టి, మొదట దండం పెట్టి, తర్వాత నిప్పు పెట్టాను. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు తల్లీ. అది మీ అమ్మ చేతి మొక్క. కానీ మీ అమ్మ కడుపున పుట్టిన మొక్క అక్కడ సుంగై పెటానిలో ఉంది. నాకు రెండూ నిలబెట్టే దారి లేకపోయింది.

శుక్రవారం దొర వచ్చాడు. చేతికర్రతో గుచ్చి గుచ్చి చూశాడు. మడి నాకే ఉంచాడు. ఆరోజు సంగతి ఇంతకన్నా రాయను, చోటు లేదు.

మీరు వచ్చేటప్పుడు సామాను ఎక్కువ పెట్టుకోకండి. రైలు దిగాక క్లాంగ్ స్టేషన్ బయటే నిలబడండి, నేను ఎడ్లబండితో వస్తాను. పిల్లలకి గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను, మీ అమ్మలాగా రాదు గాని పుల్లగా ఉంటుంది. నీ మొగుడి పార తెమ్మను, నాది అరిగిపోయింది. తొందరగా బయలుదేరండి. నేను రోజూ లెక్కపెట్టుకుంటాను.

ఎప్పటికీ మీ మంచి కోరే, ఇప్పటికి కోపం పూర్తిగా తగ్గని,
మీ అయ్య
కూర్మయ్య

తా.క. చోటు లేక కాదు, నరసమ్మా. మొహం చెల్లక రాయలేదు. కాగితం ఇంకొకటి తెచ్చుకున్నాను. నిజం ఇది.

గురువారం పెద్ద వాన పడింది. శుక్రవారం దొర నా బెండ సాళ్ళ చివర ఆగాడు. కర్రతో మట్టి కదిలించాడు. అప్పన్న వైపు పాతిన రేకులకి జానెడు ఇవతల, నా నేలలో, రెండు వేళ్ళ ఎత్తు లాలాంగ్ మొలక. నేను ఏరడంలో మిగిలిపోయిన ముక్క. మీ అమ్మ దర్భదే. దొర ఇది ఎవరిది అని అడిగాడు. వీరాస్వామి మళ్ళీ అడిగాడు. నలుగురు మడుల వాళ్ళమూ అక్కడే వరసగా నిలబడి ఉన్నాం. నా నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. మీరు నలుగురూ ఓడ మెట్లు ఎక్కుతున్నట్టు కనబడింది.

అప్పన్న ముందుకి వచ్చాడు. "నాదే దొరా. నా ఏరు రేకు కిందనించి దూరీసింది. ఈ ముసిలోడు కుళాయికాడ ఊరంతా ఇనీలా మొత్తుకున్నాడు, నానే ఇన్లేదు" అన్నాడు. దొర రేకులు చూశాడు. కుళాయి దగ్గర గొడవ వీరాస్వామికి తెలుసు, నిజమే దొరా అన్నాడు. నేను వాడి మీద వేసిన అబద్ధం ఆ పూట వాడి మీద సాక్ష్యం అయిపోయింది. దొర కిరాణితో ఏదో అన్నాడు. మధ్యాహ్నానికల్లా అప్పన్న మడి వేరేవాడికి ఇచ్చేశారు. కాయలతో ఉన్న వంగ మొక్కలు వాడి కళ్ళముందే పీకేశారు. నేను నిలబడి చూశాను. నోరు తెరవలేదు. ఇప్పటికీ తెరవలేదు, ఎందుకంటే తెరిస్తే ఆ నాలుగు గీతలూ కొట్టేస్తారు. ఈ పాపం నీకోసం చేశానని నీ మీద వెయ్యను. నేనే చేశాను.

సాయంత్రం వాడి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. వాడి మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, నిన్నెవడు చెయ్యమన్నాడురా అని మళ్ళీ అరిచాను. నన్ను జన్మంతా తల దించుకునేలా చేద్దామనా అన్నాను. వాడు గంజి తాగుతూ తల కూడా ఎత్తకుండా, "నీ మొకం సూసి సెయ్యనేదు. నరసమ్మ నా బుజాల మీద పెరిగిన గుంట. నువ్వు ఎల్లిపోతే ఎల్లిపో, ఆ పిల్ల ఎందుకెల్లాల?" అన్నాడు. గిన్నె పక్కకి జరిపి, కూకో బావా, గంజి ఉంది అన్నాడు. కూర్చున్నాను. తాగాను.

ఎనిమిది సాళ్ళని పైన గొప్పగా రాశాను. ఇప్పుడు మనవి నాలుగే. మిగతా నాలుగు అప్పన్నవి. దొరకి తెలియదు. వీరాస్వామికి తెలుసు, చూడనట్టు పోతున్నాడు. కాబట్టి మీరు వచ్చాక తిండి చాలీచాలకుండా ఉంటుంది. తెలిసే రండి. నీ మొగుడు గొణిగితే ఈ కాగితం చూపించు.

ఇంకొక పని నీతో ఉంది. ఈ రెండు నెలల్లో కోపం పట్టలేక అప్పన్న మీద నేను ఊరూరా ఉత్తరాలు రాశాను. వేర్లు పాతే దొంగ అని, స్నేహం చేసి కడుపు కొట్టేవాడని రాశాను. ఓడెక్కే కంగారులో ఉన్నావని నీకు మాత్రం రాయలేదు. వాళ్ళందరికీ మళ్ళీ నేనే రాస్తే ఎవరు నమ్ముతారు, నీ అక్షరం బాగుంటుంది, నువ్వు రాయి. దొర చెవిన పడకుండా మనవాళ్ళ వరకే చెప్పమను. దర్భ సంగతీ చెప్పు, నేను నోరు మూసుకు నిలబడ్డ సంగతీ చెప్పు. ఏదీ దాచకు. ఎవరెవరికంటే:

తెలుక్ అన్సన్‌లో పైడయ్య మావకి. ఆయన చదివి నలుగురికీ వినిపించి ఉంటాడు, ఇదీ అలాగే వినిపించమను.

బాగాన్ దాతోలో మీ అమ్మ పెద్దన్న కొడుకు దాసుకి.

కౌలాలంపూర్ రైలు లైన్ల దగ్గర ఉండే మీ చిన్నమ్మకి. మీ అమ్మ దర్భని కాల్చానంటే ఏడుస్తుంది, నెమ్మదిగా రాయి.

మీ అత్తగారికి, మీ మామగారికి.

మీ పక్క తోటలో ఉండే ఎర్నమ్మకి. ఆవిడ అప్పన్నకి సొంత అక్క. నీ తమ్ముడిని నీ గుమ్మం తొక్కనివ్వకు అని ఆవిడకి రాశాను. ఆవిడ నాకు బదులు రాయలేదు, వాడికీ ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఆవిడకి మాత్రం ఉత్తరం కాదు తల్లీ. రైలెక్కే ముందు పిల్లల్ని తీసుకుని నడిచి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, నోటితో చెప్పు.